నూలు మిల్లులో కాపురం

(స్త్రీల ఆస్తి హక్కుల మీద కర్నూలులో జరిగిన సమావేశంలో చేసిన ప్రసంగపాఠం)



ఈ సమావేశానికి రమ్మన్నప్పుడు నేను ముందు వద్దన్నాను. ఇక్కడ కూర్చున్న వాళ్ళలో చాలామంది భూమి తగాదాల్లో, ఇళ్ళ స్థలాల పోరాటాల్లో, కుటుంబ కోర్టుల వరండాల్లో ఏళ్ళ తరబడి తిరిగినవాళ్ళు. అమెరికాలో ఫ్లాటులో ఉండే మనిషి మీకు చెప్పేదేముంటుంది అనుకున్నాను. నన్ను పిలిచిన స్నేహితురాలు వినలేదు. "నువ్వుండే ఇల్లు ఒకప్పుడు నూలు మిల్లు అంటివి కదా, ఆ ఇంటి గురించే చెప్పు, చాలు" అంది. అందుకని ఇంటి గురించే చెప్తాను. మధ్యలో దారి తప్పితే ఎవరైనా చెయ్యెత్తండి.

నాది ఆదోని. ఆదోని అంటేనే పత్తి అని మీకు చెప్పనక్కర్లేదు. మా పెద్దమ్మ జిన్నింగ్ మిల్లులో పనిచేసేది. జిన్నులకు పత్తి అందించే పని. సాయంత్రం ఇంటికొచ్చేసరికి తలంతా తెల్లగా ఉండేది. నేను చిన్నప్పుడు పెద్దమ్మ ముసలిదనుకునేదాన్ని. స్నానం చేసి వస్తే జుట్టు నల్లగా ఉండేది. రాత్రంతా దగ్గేది. ఆ దగ్గును ఇంట్లో ఎవరూ జబ్బనుకోలేదు, అది ఆమె అలవాటన్నట్టు ఉండేవాళ్ళు.

2006లో పెళ్ళయి అమెరికా వెళ్ళాను. హెచ్-4 వీసా. అంటే భర్త ఉద్యోగం చేస్తాడు, భార్య ఆయన వెంట ఉంటుంది. ఉద్యోగం చేయటానికి వీల్లేదు. జీతం తీసుకునేందుకు అక్కడ అవసరమైన సోషల్ సెక్యూరిటీ నంబరు కూడా ఇవ్వరు. నేను బి.యస్సీ., బి.యిడి. చదివాను. తొమ్మిదేళ్ళు ఇంట్లో ఉన్నాను.

2012లో మా ఆయన లోవెల్ అనే ఊళ్ళో ఇల్లు కొన్నారు. బోస్టన్‌కు ఉత్తరంగా నలభై కిలోమీటర్ల దూరంలో ఉంది. దాన్ని లాఫ్ట్ అంటారు. మనవైపు లాఫ్ట్ అంటే వంటింట్లో పెద్ద గిన్నెలు, పాత ట్రంకుపెట్టెలు పెట్టుకునే అటక. మా అమ్మకు ఫోనులో చెబితే, "అంత దూరం పోయి అటక మీద కాపురమా?" అంది. నిజానికి అది పాత మిల్లులో ఒక అంతస్తును ముక్కలు చేసి ఇళ్ళుగా అమ్మినది. న్యూయార్కులో 1960లలో ఖాళీపడ్డ ఫ్యాక్టరీ అంతస్తుల్లో చిత్రకారులు చట్టానికి తెలియకుండా కాపురాలు పెట్టడంతో ఈ పద్ధతి పేరు తెచ్చుకుంది. అద్దె తక్కువ, వెలుతురు ఎక్కువ. 1971లో కళాకారులకు మాత్రం అనుమతి ఇచ్చారు. తర్వాత డబ్బున్నవాళ్ళు వచ్చారు. షారన్ జుకిన్ అనే సామాజిక శాస్త్రవేత్త 1982లోనే దీని మీద ఒక పుస్తకం రాసింది. పని పోయిన చోట పనిని గుర్తుచేసే గోడలకు ఎక్కువ ధర ఎందుకు పలుకుతుందో అందులో చర్చించింది. నేను ఆ పుస్తకం చాలా ఆలస్యంగా చదివాను. ముందే చదివుంటే ఏమయ్యేదని అడగొద్దు, ఏమీ అయ్యేది కాదు.

ఇల్లు చూడటానికి బాగుంటుంది. పద్నాలుగడుగుల ఎత్తు. ఎర్ర ఇటుక గోడ, సున్నం లేదు, పూత లేదు. ఇద్దరు కలిసి చేతులు చాపినా అందనంత పెద్ద కిటికీలు. పైన మన ఊళ్ళో రథానికి వాడే దూలాలంత దూలాలు. ఆ దూలాలు అందం కోసం పెట్టినవి కావు. పత్తి మిల్లు అంటే నిప్పంటుకుంటే ఆగదు. సన్నటి కర్రలు తొందరగా కాలి కూలిపోతాయి, లావుపాటి దూలం పైన బొగ్గయినా లోపల నిలబడి ఉంటుంది. మిల్లు యజమానులు, వాళ్ళకు బీమా ఇచ్చిన కంపెనీలు లెక్కలేసుకుని అలా కట్టారు. కిటికీలు పెద్దవి పెట్టింది పని వెలుతురు కోసం. ఆ కిటికీలు చాలా మిల్లుల్లో తెరవనిచ్చేవాళ్ళు కాదు. గాలి పొడిగా ఉంటే దారం తెగుతుంది కాబట్టి లోపల తేమగా ఉంచేవాళ్ళు. మనుషులు ఊపిరాడక మూర్ఛపోతే పోయారు, దారం తెగకూడదు.

ఒక దూలానికి ఇనప కొక్కెం లాంటిది ఒకటుంది. యంత్రాలకు బెల్టులు నడిపిన ఇరుసు దాని మీద తిరిగేది. అమ్మేటప్పుడు దాన్ని అలాగే ఉంచి నల్లరంగు వేశారు. ఇంటికొచ్చిన వాళ్ళందరూ దాని ఫోటో తీసుకుంటారు. పై అంతస్తులో ఎవరైనా గట్టిగా నడిస్తే చెక్కల సందుల్లోంచి సన్నటి నల్లదుమ్ము రాలుతుంది. రోజూ తుడవాలి. దాని ఫోటో ఎవరూ తీసుకోరు.

లాఫ్టుకు గదులుండవు. అదే దాని గొప్ప అంటారు. వంట, పడక, కూర్చునే చోటు అన్నీ ఒక హాలే. మా పాప కోసం తర్వాత ఒక చెక్క గోడ పెట్టించాం, అది కూడా పైకప్పు దాకా వెళ్ళదు. తలుపున్న గది స్నానాలగది ఒక్కటే. ఇది గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది. పోపు పెడితే ఇల్లంతా, బయట నడవా అంతా వాసన. మా వాసన గురించి సంఘం మీటింగులో ఒకాయన చాలా మర్యాదగా మాట్లాడాడట. మా ఆయన వచ్చి నాతో అంత మర్యాదగా మాట్లాడలేదు.

సంఘం అన్నాను కదా. ఇలాంటి ఇళ్ళను కాండొమినియం అంటారు. మన అపార్టుమెంట్ల లాంటిదే. నాలుగు గోడల లోపల నీది. దూలం, పునాది, మెట్లు, పైకప్పు అందరివీ, నీకు అందులో విభజించని వాటా. మాసచూసెట్స్ రాష్ట్రంలో దీనికి 1963లో చట్టం చేశారు. నెలనెలా నిర్వహణ రుసుం కట్టాలి. కట్టకపోతే ఇంటి మీద హక్కు పెట్టి అమ్మించవచ్చు. ఓటు ఒక మనిషికి ఒకటి కాదు, వాటా శాతాన్ని బట్టి.

2015లో చట్టం కొంచెం మారింది. గ్రీన్ కార్డు కోసం దరఖాస్తు ఒక దశ దాటినవాళ్ళ భార్యలకు ఉద్యోగం చేసుకునే అనుమతి వచ్చింది. నేను ఒక బడిలో సహాయకురాలిగా చేరాను. ఇంటి రుసుం నా జీతంలోంచి కట్టటం మొదలుపెట్టాను. ఎవరూ అడగలేదు, నేనే గర్వంగా కట్టాను.

2016లో కిటికీలు మార్చాలని సంఘం నిర్ణయించింది. పాత కట్టడం కాబట్టి మామూలు కిటికీలు పెట్టటానికి లేదు, పాతవాటిలాగే కనబడాలి, నగరంలోని చారిత్రక కట్టడాల బోర్డు ఒప్పుకోవాలి. దాంతో ఖర్చు మూడింతలు. ప్రతి ఇంటికీ అదనంగా వసూలు. ఆ మీటింగుకు మా ఆయనకు తీరిక లేక నేను వెళ్ళాను. చర్చలో మాట్లాడాను కూడా. ఓటు దగ్గరికొచ్చేసరికి కాగితాలు చూస్తున్నావిడ, "మీరు యజమాని కాదు కదా, ఆయన దగ్గర్నించి ఉత్తరం తెచ్చారా?" అంది. చెడుగా అనలేదు. పక్కవాళ్ళకు సిగ్గేసినట్టుంది, నాకోసం కుర్చీ జరిపారు. డబ్బు నేను కడుతున్నాను. ఆ కిటికీలు తుడిచేది నేను. నేను ఎవరిని?

ఇంటికొచ్చి అడిగాను. "అప్పు ఇచ్చినప్పుడు బ్యాంకువాళ్ళు నీకు నంబరు లేదన్నారు, అందుకని నా ఒక్కడి పేరే. నీ పేరుంటే ఏం, నా పేరుంటే ఏం?" అన్నారు మా ఆయన. నిజమే కదా అనుకున్నాను. తర్వాత తెలిసింది, ఇది సగమే నిజం. అప్పు పత్రం వేరు, హక్కు పత్రం వేరు. అప్పులో పేరు లేకపోయినా దస్తావేజులో పేరు పెట్టవచ్చు, దానికి నంబరు అవసరం లేదు. ఇది ఆ దేశంలో ఉన్న మన ఆడపిల్లల్లో చాలామందికి తెలియదు. ఇక్కడ దీనికి తిరగేసిన రకం నేను చూశాను. ఇంటి అప్పు త్వరగా వస్తుందని ఉద్యోగం చేసే భార్యను అప్పులో చేరుస్తారు. జీతంలోంచి వాయిదా పోతుంది. రిజిస్ట్రేషన్ మాత్రం భర్త పేరున, కొన్నిచోట్ల మామగారి పేరున. మీ దగ్గరకు వచ్చే కేసుల్లో ఇది ఒకసారి అడిగి చూడండి.

2018లో ఒక రాత్రి మా ఆయన కాగితాల కట్ట తెచ్చి భోజనాల బల్ల మీద పెట్టారు. హైదరాబాదులో మా బావగారు వెంచర్ వేస్తున్నారు, దాంట్లో పెట్టటానికి ఈ ఇంటి మీద ఇంకో అప్పు తీస్తున్నాం, ఇక్కడ సంతకం చెయ్యి అన్నారు. నేను కలం తీసుకున్నాను. తీసుకుని, అడిగాను: ఇల్లు నాది కానప్పుడు నా సంతకం ఎందుకు?

ఆయన దగ్గర జవాబు లేదు. దాచిపెట్టారని కాదు, ఆయనకూ తెలియదు. బ్యాంకువాళ్ళు అడిగారు, అంతే. ఆ జవాబు లేకపోవటమే నన్ను ఆపింది.

ఇక్కడ కొంచెం వెనక్కు వెళ్ళాలి. 2009లో సెలవులకు ఆదోని వచ్చాను. మా నాన్న 2007లో పోయారు. మా తమ్ముడు ఒక మధ్యాహ్నం సబ్ రిజిస్ట్రారు ఆఫీసుకు తీసుకెళ్ళాడు. పాప చంకలో ఉంది, ఏడుస్తోంది. "ఇక్కడ సంతకం పెట్టక్కా, ఇక్కడొకటి, ఇక్కడ వేలిముద్ర." పెట్టాను. అది విడుదల దస్తావేజు. నాలుగెకరాలు, పాత ఇల్లు, వాటిలో నాకున్న హక్కు వదులుకుంటున్నానని. ఆ సాయంత్రం చీర పెట్టి, పసుపు కుంకుమల కింద పాతికవేలు ఇచ్చారు. నేను ఆ చీర ఎంతో ఇష్టంగా కట్టుకున్నాను. మన రాష్ట్రంలో ఆడపిల్లలకు వాటా ఇస్తూ 1986లో చట్టం వచ్చిందనీ, 2005లో దేశమంతటికీ వచ్చిందనీ నేను డిగ్రీలో ఉన్నప్పుడు, పెళ్ళికి ముందు పేపర్లో చదివినదాన్నే. చట్టం చదివాను, దస్తావేజు చదవలేదు. మా తమ్ముడు చెడ్డవాడు కాడు. అమ్మను చూసుకుంటున్నాడు. ఇలాంటి వాళ్ళతోనే మనకు కష్టం, చెడ్డవాళ్ళయితే కోర్టుకెళ్ళవచ్చు.

అందుకని 2018లో కలం కింద పెట్టి, చదివి పెడతానన్నాను. ఆ మాటకు మా ఇంట్లో ఏడు నెలలు మాటలు లేవు.

గదులు లేని ఇంట్లో మాటలు లేకపోవటం ఎలా ఉంటుందో చెప్పలేను. కోపం వస్తే వెళ్ళటానికి వంటిల్లు లేదు. ఏడవాలంటే స్నానాలగది. అక్కడ కూడా నీళ్ళు వదిలి ఏడవాలి, ఎందుకంటే శబ్దం పైదాకా పోయి తిరిగొస్తుంది. మా పాప ఆ సగం గోడ అవతల పడుకుని అన్నీ వినేది. అత్తగారు ఫోను చేసి, "ఏమ్మా, వాడి మీద నమ్మకం లేదా?" అనేవారు. అది నమ్మకం విషయం ఎలా అయ్యిందో నాకు ఇప్పటికీ అర్థం కాదు. బ్యాంకు మా ఆయన్ని నమ్మిందా? కట్టెడు కాగితాలు రాయించుకుంది కదా!

ఆ రోజుల్లోనే పాప బడిపిల్లల్ని మ్యూజియానికి తీసుకెళ్ళారు. లోవెల్‌లో ఒక పాత మిల్లును అలాగే ఉంచి మ్యూజియం చేశారు. ఎనభైకి పైగా మరమగ్గాలున్న హాలు ఉంది. అందులో కొన్ని మాత్రమే నడుపుతారు, అయినా చెవుల్లో పెట్టుకోవటానికి దూదిలాంటివి ఇస్తారు. పాప ఇంటికొచ్చి, "అమ్మా, హారియెట్ అని ఒక అమ్మాయి ఉండేదట, నా వయసే, పదకొండేళ్ళు, సమ్మె చేసిందట" అంది. తర్వాతి ఆదివారం నేనూ వెళ్ళాను. అప్పటికి ఆ ఊళ్ళో ఆరేళ్ళున్నాను. అంతకుముందు ఎన్నడూ లోపలికి వెళ్ళలేదు.

ఆ ఊరి చరిత్ర మీలో కొందరికి తెలిసే ఉంటుంది. మార్చి ఎనిమిది కథనాల్లో బట్టల మిల్లుల ఆడవాళ్ళ ప్రస్తావన వస్తుంటుంది. లోవెల్ దానికి ఇంకా చాలా ముందుది. ఫ్రాన్సిస్ కాబట్ లోవెల్ అనే వ్యాపారి ఇంగ్లండు వెళ్ళి, మరమగ్గాలు చూసి, వాటి అమరిక బుర్రలో పెట్టుకుని వచ్చాడు. ఆయన పోయాక ఆయన భాగస్వాములు మెర్రిమాక్ నది జలపాతం దగ్గర 1820లలో మిల్లులు కట్టి, ఊరికి ఆయన పేరు పెట్టారు. పల్లెటూళ్ళ నుంచి రైతుల కూతుళ్ళను తెచ్చి పనిలో పెట్టారు. 1840 నాటికి అక్కడ ఎనిమిది వేలమంది దాకా పనిచేసేవాళ్ళు, ఎక్కువమంది ఆడవాళ్ళే. వారానికి సుమారు 73 గంటల పని. గంట కొడితే లేవాలి, గంట కొడితే తినాలి. కంపెనీ కట్టిన హాస్టళ్ళలోనే ఉండాలి. గదికి నలుగురు, ఆరుగురు, మంచానికి ఇద్దరు. రాత్రి పదికి తలుపులు మూస్తారు. ఆదివారం చర్చికి వెళ్ళి తీరాలి. కూతుళ్ళు చెడిపోరని తల్లిదండ్రులకు హామీ అన్నమాట. మన బాలికల హాస్టళ్ళు నడిపినవాళ్ళకు ఆ నియమావళి కొత్తగా అనిపించదు.

అయినా వాళ్ళు వచ్చారు, ఎందుకంటే జీతం చేతికి ఇచ్చేవాళ్ళు. అప్పటి చట్టంలో పెళ్ళయిన ఆడదాని సంపాదన భర్తది. మాసచూసెట్స్‌లో అది మారింది 1855లో. అందుకని కొందరు ఆడవాళ్ళు మారుపేర్లతో మిల్లులో చేరేవాళ్ళట, భర్త వచ్చి జీతం పట్టుకుపోకుండా. అంటే తన డబ్బు తనకు దక్కాలంటే తన పేరే ఉండకూడదు. ఇది చదివాక నేను ఆ ఇటుక గోడను చాలాసేపు చూస్తూ కూర్చున్నాను. నా ఇంట్లో ఎంతమంది మారుపేర్లతో నిలబడి పనిచేశారో.

హారియెట్ హాన్సన్ కథ ఆమే పెద్దయ్యాక 1898లో పుస్తకంగా రాసింది. తండ్రి చనిపోతే తల్లి నలుగురు పిల్లలతో లోవెల్ వచ్చి, కంపెనీ హాస్టలు నడిపే పనిలో చేరింది. వండిపెట్టటం, ఉతకటం, అమ్మాయిల నడవడి చూడటం. దానికి బదులు ఉండటానికి ఇల్లు. హారియెట్ పదేళ్ళకే మిల్లులో చేరింది, నిండిన కండెలు తీసి ఖాళీవి పెట్టే పని. 1834లో జీతాలు కోస్తామంటే ఎనిమిది వందలమంది దాకా ఆడవాళ్ళు బయటికి వచ్చారు. 1836లో హాస్టలు ఖర్చు పెంచుతామంటే మళ్ళీ వచ్చారు, ఈసారి ఇంకా ఎక్కువమంది. హారియెట్ ఉన్న గదిలో పెద్దవాళ్ళు వెళదామా వద్దా అని తటపటాయిస్తుంటే, ఈ పదకొండేళ్ళ పిల్ల మీరు వచ్చినా రాకపోయినా నేను వెళ్తున్నానని నడిచింది. వెనక్కు చూస్తే అందరూ వస్తున్నారు.

మ్యూజియంలో పిల్లలకు ఇంతవరకు చెప్పారు. తర్వాత జరిగింది ఆమె పుస్తకంలో చదివాను. కంపెనీ ఏజెంటు హారియెట్ తల్లిని హాస్టలు నుంచి తీసేశాడు. పెద్ద అమ్మాయిల్ని ఆపటం నీ వల్ల కాకపోవచ్చు, సొంత కూతురిని అదుపులో పెట్టుకోలేవా అన్నాడు. కూతురు పనిలోంచి నడిచి వెళ్తే, తల్లి నెత్తిన ఉన్న కప్పు పోయింది. ఎందుకంటే ఆ కప్పు పనికి ముడిపెట్టింది, ఆమె పేరున ఉన్నది కాదు. ఆ రోజుల్లో నేను పాప పక్కన పడుకుని ఈ సంగతే ఆలోచించేదాన్ని. నా వీసా ఆయన ఉద్యోగానికి ముడి, ఇల్లు ఆయన పేరుకు ముడి. నేను ఎవరితో పేచీ పెట్టుకుంటున్నాను?

లోవెల్ ఆడవాళ్ళు ఆ తర్వాతా ఊరుకోలేదు. 1845 ప్రాంతంలో సారా బాగ్లే నాయకత్వంలో సంఘం పెట్టి, పది గంటల పనిదినం కోసం వేల సంతకాలు చేసి శాసనసభకు పంపారు. ఓటు లేని ఆడవాళ్ళు, సంతకం తప్ప ఏముంది? సభాసంఘం వాళ్ళను పిలిపించి విన్నది, విని చట్టం అక్కర్లేదంది. ఆడవాళ్ళకు, పిల్లలకు పది గంటల చట్టం అక్కడ వచ్చింది 1874లో. అప్పటికి ఆ రైతుల కూతుళ్ళు చాలామంది వెళ్ళిపోయారు, ఐర్లండు నుంచి, కెనడా నుంచి వచ్చిన ఆడవాళ్ళు మగ్గాల దగ్గర నిలబడ్డారు.

ఇంకొక మాట చెప్పకపోతే తప్పవుతుంది. ఆ మిల్లులకు వచ్చిన పత్తి దక్షిణాది తోటల్లో నల్లజాతి బానిసలు ఏరినది. అక్కడ నేసిన ముతక బట్ట కొంత తిరిగి ఆ బానిసల ఒంటి మీదకే వెళ్ళింది. దాన్ని ఆ ఊరి పేరుతోనే పిలిచేవాళ్ళు. స్వతంత్రంగా బతకాలని వచ్చిన తెల్ల ఆడపిల్లల చేతుల్లో ఉన్నది ఆ పత్తి. వాళ్ళలో కొందరికి అది తెలుసు, బానిసత్వానికి వ్యతిరేకంగా కూడా సంతకాలు చేశారు. నా గోడల గురించి అమ్మకం కాగితంలో 'చారిత్రకమైన ఇటుక' అని రాశారు. ఏ చరిత్ర అన్నది రాయలేదు.

నా సంగతికి వస్తాను. మా బడిలో నాతో పనిచేసే కంబోడియా ఆవిడ ఒకరున్నారు. లోవెల్‌లో కంబోడియా వాళ్ళు చాలామంది, యుద్ధం తర్వాత కాందిశీకులుగా వచ్చినవాళ్ళు. ఆవిడ భర్త ఇల్లు తాకట్టు పెట్టి పోగొట్టిన కథ నాకు చెప్పి, ఉచితంగా న్యాయసలహా ఇచ్చే చోటికి తీసుకెళ్ళింది. అక్కడి వకీలు పావుగంటలో తేల్చి చెప్పింది. ఆ రాష్ట్రంలో కుటుంబం కాపురమున్న ఇంటికి హోమ్‌స్టెడ్ అనే రక్షణ ఉంది. 2011 నుంచి అమల్లోకి వచ్చిన చట్టం ప్రకారం, దస్తావేజులో పేరు లేని భార్యకు కూడా అది వర్తిస్తుంది. అందుకే బ్యాంకు ఆ రక్షణను పక్కన పెడుతున్నానని భార్య చేత కూడా రాయించుకుంటుంది. "వాళ్ళు నీ సంతకం అడుగుతున్నారంటే, వదులుకోవటానికి నీ దగ్గర ఏదో ఉందన్నమాట" అంది. ఏ భాషలో విన్నా మంచిమాటే.

ఇంకా చెప్పింది. దస్తావేజును భార్యాభర్తలిద్దరి ఉమ్మడి హక్కుగా మార్చుకోవచ్చు. అలా మారిస్తే ఒకరు లేకుండా ఒకరు అమ్మలేరు, ఒకరు పోతే మొత్తం రెండోవారిది. ఇదే ఉమ్మడి హక్కులో అజమాయిషీ అంతా మాసచూసెట్స్ చట్టం 1980 దాకా భర్తకే ఇచ్చింది. 1980! నేను ఆ దేశాన్ని చాలా ముందున్నదనుకునేదాన్ని.

ఇంటికొచ్చి మా ఆయనకు ఒకటే చెప్పాను. నా పేరు చేర్చండి, తర్వాత అప్పు సంగతి ఇద్దరం కూర్చుని మాట్లాడదాం. ఆయన ఒప్పుకోలేదు. నా కాళ్ళ మీద నేను నిలబడ్డందుకు ఇదా అన్నారు. విడిపోవాలనుకుంటున్నావా అన్నారు. నేను లేదన్నాను, అది నిజం. మీటింగుల్లో మనం మాట్లాడుకున్నంత ధైర్యం నాకు లేదు. రెండుసార్లు సంతకం పెట్టేద్దామని కాగితాలు తీశాను కూడా. ఒకసారి పాప చూసి, "చదివావా?" అంది.

2019 మార్చిలో ఆయన తనంతట తానే రిజిస్ట్రీ ఆఫీసుకు వెళదామన్నారు. ఎందుకు మనసు మారిందో నాకు చెప్పలేదు. హైదరాబాదు వెంచర్‌లో ఏదో తేడా వచ్చిందని తర్వాత విన్నాను, అదే కారణమేమో. చైతన్యం వచ్చిందని చెప్పి మీ చేత చప్పట్లు కొట్టించుకోను. ఆ ఆఫీసు మా ఊళ్ళోనే ఉంది. బల్ల దగ్గర కాగితం ఇచ్చి, రుసుం కట్టి, ముద్ర వేయించుకుని బయటికొచ్చేసరికి పావుగంట కాలేదు. ఏడు నెలల మౌనం, పావుగంట పని.

తర్వాత వచ్చిన సంఘం మీటింగులో ఓటు వేశాను. పైకప్పు మీద తారు గురించి. ఓడిపోయాం.

ఇప్పుడు మేమిద్దరం బాగానే ఉన్నామా అని మీరు అడుగుతారు. మాట్లాడుకుంటాం. చెక్క గోడను పైకప్పు దాకా పెంచి, తలుపు పెట్టించాం. అందం పోయిందన్నారు చూసినవాళ్ళు. పాపకు తలుపు కావాలి. నాకూ కావాలి.

మన దగ్గర 2020 డిసెంబరులో ఇళ్ళ పట్టాలు ఆడవాళ్ళ పేరున ఇచ్చారు. మీలో చాలామంది ఆ పట్టాల కోసం తిరిగారని విన్నాను. నిన్న రాత్రి నేను దిగిన ఇంట్లో ఒక కార్యకర్తను అడిగాను, ఆ పట్టాలు ఇప్పుడు ఎవరి దగ్గరున్నాయమ్మా అని. కొందరివి వడ్డీ వ్యాపారి దగ్గర, కొందరివి అత్తగారి బీరువాలో, ఒకామెది మటుకు బియ్యం డబ్బాలో అంది. ఆ బియ్యం డబ్బా ఆమెను ఇక్కడికి తెచ్చి ఈ మైకు ముందు నిలబెడితే నాకంటే బాగా మాట్లాడేది.

పోయిన వారం ఆదోనిలో ఉన్నాను. మా తమ్ముణ్ణి 2009 నాటి దస్తావేజు నకలు అడిగాను. వాడి మొహం మారింది. "ఇప్పుడెందుకక్కా అది? నీకేం తక్కువ?" అన్నాడు. మా మరదలు వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. తక్కువని కాదురా, అప్పుడు చదవలేదు, ఇప్పుడు చదువుదామని అన్నాను. మా అమ్మ ఏమీ అనలేదు, లేచి వెళ్ళి మంచినీళ్ళు తెచ్చి ఇద్దరి మధ్య పెట్టింది. వాడు వెతికి పెడతానన్నాడు. వెతకకపోతే సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో నకలుకు దరఖాస్తు పెట్టుకోవచ్చని మీలో ఒకరు పొద్దున చెప్పారు. రేపు ఉదయం బస్సుకు ఆదోని వెళ్తున్నాను. మా అమ్మ కూడా ఆఫీసుకు వస్తానంటోంది. ఆమె ఎవరి పక్షాన వస్తోందో నాకు తెలియదు, నేను అడగలేదు.